మయసభయు మా యింటి గోడయును

"ఇంటీరియర్ డిజైనరు" అను మాట నేడు మహాపట్టణములందే కాక మావంటి చిన్న యూళ్లలోను వినవచ్చుచున్నది. ఆ మాట చెవిని బడినంతనే మనలో పలువురకు మెరయు నేలలు, గాజు బీరువాలు, రంగురంగుల తెరలు కన్నులయెదుట నిలుచును. ధనవంతుల యిండ్లకు సొగసులు దిద్దువారు వారనియు, మనవంటి వారికి వారితో పనిలేదనియు నేనును నిన్నమొన్నటి వరకు తలచుచుంటిని. నా భర్త పాఠశాలలో ఉపాధ్యాయులు. వారి జీతముతో ఇల్లు నడువవలయును, పిల్లల చదువులు సాగవలయును, అత్తగారి మందులు రావలయును. అట్టి యింటికి అలంకర్త యేల? అయినను అట్టి విద్య నేర్చిన యొక యమ్మాయి మా యింట నాలుగు దినములుండి పనిచేసినది. ఆ పని యెట్టిదో దగ్గరనుండి చూచితిని. చూచుటతో పాటు నా తప్పిదమొకటి నాకు తెలియవచ్చినది. ఆ రెండును మీతో చెప్పుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మా యిల్లు మామగారు కట్టించినది. నలుబదియేండ్లు దాటినది. మునుపు నేలయంతయు నాపరాతి బండలు. ఆరేండ్ల క్రిందట నేను పట్టుబట్టి, నేను దాచుకొన్న సొమ్ముతో నడవకును స్నానపుగదికిని మెరయు టైల్సు వేయించితిని. దుకాణములో ఆ పలకపై నా ముఖము నాకే కనబడగా ఎంతో మురిసిపోతిని. తడిసినచో జారునా యని నేనడుగలేదు; అమ్మినవాడు చెప్పలేదు. పని ముగిసిన నాడు ఇరుగుపొరుగువారు వచ్చి చూచి మెచ్చుకొనిరి. అత్తగారు మాత్రము "బాగున్నదమ్మా" అని యొక్క మాట యని యూరకుండిరి.

2023వ సంవత్సరము కార్తికమాసమున నొకనాటి తెల్లవారుజామున డెబ్బదియెనిమిదేండ్ల మా యత్తగారు స్నానపుగదిలో కాలు జారి పడిరి. ఆ గది తలుపు లోపలికి తెరచుకొనునది. ఆమె తలుపున కడ్డముగా పడియుండిరి. గడియ వేసికొనకున్నను తలుపు కదలదు. బలముగా త్రోసితిమా, ఆ దెబ్బ ఆమెకే తగులును. లోపలినుండి మూలుగు వినబడుచుండగా వెలుపల మేము చేతులు పిసుకుకొనుచు నిలుచుంటిమి. తుదకు నా భర్త తలుపు పైపలక పగులగొట్టిరి. మా పెద్దవాడు ఆ సందులోనుండి లోనికి దిగి, నాయనమ్మను మెల్లగా ప్రక్కకు జరిపినపిదప గాని తలుపు రాలేదు. తుంటియెముక విరిగినది. ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగినది.

బాల్యమున మా తండ్రిగారు నాకు భారతము సభాపర్వము చెప్పియుండిరి. మయుడు కట్టిన సభలో దుర్యోధనుడు స్ఫటికపు నేలను చూచి నీరనుకొని వస్త్ర మెత్తికొనెను. నీటిని చూచి నేలయనుకొని అందులో పడెను. మూసియున్న స్ఫటికద్వారమును తెరచియున్నదనుకొని నుదురు కొట్టుకొనెను. ఆ కథ విని చిన్ననాడు నేనెంతో నవ్వితిని. ఆసుపత్రి వసారాలో ఆ రాత్రి కూర్చుండగా అదే కథ జ్ఞప్తికి వచ్చినది. ఈ మారు నవ్వు రాలేదు. మయుడు గొప్ప శిల్పియే కావచ్చును. ఆ సభను కట్టునపుడు అందులో నడచువారి పాదములగూర్చి యతడు తలపోసినాడా? నేను తలపోసితినా?

అత్తగారు వాకరు పట్టుకొని యింటికి వచ్చిరి. వచ్చిన దినముననే క్రొత్త చిక్కు తటస్థించినది. వాకరు వెడల్పు 25 అంగుళములు. స్నానపుగది తలుపు సందు 24 అంగుళములు. ఒక్క అంగుళముకొరకు పెద్దామెను ఇరువురము పట్టుకొని లోనికి తీసికొని పోవలసి వచ్చెడిది. ఆమె సిగ్గుతో కన్నులు మూసికొనెడివారు. ఈ సంగతి విని మా యాడుబిడ్డగారి కుమార్తె సెలవు పెట్టుకొని వచ్చినది. ఆ యమ్మాయి నాలుగేండ్లు ఈ విద్య చదివి, విశాఖపట్టణమున ఉద్యోగము చేయుచున్నది.

వచ్చినంతనే రంగుల పుస్తకములు తెరచునేమో యని నేననుకొంటిని. ఆమె తెచ్చినవి కొలత టేపు, పెన్సిలు, గళ్ల కాగితముల పుస్తకము మాత్రమే. మొదటి దినమంతయు ఆమె యేమియు చెప్పలేదు. వంటింట నొకమూల పీట వేసికొని కూర్చున్నది. నేను పొయ్యి యొద్దనుండి సింకు కడకు, సింకునుండి బియ్యపు డబ్బా కడకు పోవుటయు వచ్చుటయు చూచుచు కాగితముపై గీతలు గీసినది. మధ్యాహ్నమునకు ఆ కాగితము సాలెగూడువలె నుండెను. తరువాత ఇల్లంతయు కొలిచినది. గోడల పొడవు, కిటికీల యెత్తు, తలుపు లెటు తెరచుకొనునో, స్విచ్చులెక్కడనున్నవో, ఎండ యేవేళ యే గదిలోనికి వచ్చునో అన్నియు వ్రాసికొన్నది. అత్తగారి అరచేయి నేలకెంత యెత్తున నుండునో, నా మోచేయి యెంత యెత్తున నుండునో కూడ కొలిచినది.

"ఇంటికి కొలతలు తీయుట చూచితిని గాని మనుష్యులకు తీయుట దరజీవారి పనిగదా అమ్మాయీ!" యంటిని.

"మాదియు అట్టిదే అత్తయ్యా. కొలత తప్పినచో రవిక బిగుసుకొనినట్లు ఇల్లును బిగుసుకొనును" అని నవ్వినది.

వంటగట్టు యెత్తు మోచేతికన్న నాలుగైదంగుళములు తక్కువగా నుండవలెనట. మా గట్టు నా మోచేతితో దాదాపు సమముగా నున్నది. పిండి కలుపునపుడు భుజములు పైకెత్తి పనిచేయుట వలననే నాకు సాయంకాలమునకు మెడ పట్టివేయుచున్నదని ఆమె చెప్పినది. పదునాలుగేండ్లుగా అది నా శరీరములోని లోపమేయని నేననుకొంటిని. దీపము నా వెనుక గోడకున్నది గనుక నా నీడ నా కూరలపైననే పడుచున్నదనియు ఆమె చూపినది. నిజమే. నా నీడలో నేను కూరలు తరుగుకొనుచుంటిని.

ఆ రాత్రి భోజనానంతరము ఆమె అందరిని ఒక్కటే ప్రశ్న యడిగినది: "ఈ యింటిలో మీరెక్కడ కూర్చుందురు?" నా భర్త వ్రాతబల్ల చూపిరి. పిల్లలు మెట్లనిరి. అత్తగారు వీధివైపు కిటికీకడ మంచము చూపిరి. నా వంతు వచ్చినది. నాకు జవాబు తోచలేదు. ఏదో యందునని అందరును నా వంక చూచుచుండిరి. అప్పుడా యమ్మాయి వంటింటిలోని బియ్యపు డబ్బా మూత తెచ్చి చూపినది. నడుమ సొట్టపోయియున్నది. మధ్యాహ్నము పని తీరిన తరువాత నేను దానిపై కూర్చుండి, వంటింటి కిటికీ వెలుతురున భాగవతము చదువుకొనుట వాడుక. ఆ సంగతి మా యింటిలో నెవరికిని తెలియదు. సరిగా చెప్పవలెనన్న నాకును తెలియదు.

రెండవనాటి యుదయమున ఆమె నన్ను నడవలోనికి పిలిచినది. పడకగదినుండి స్నానపుగదివరకు గోడపై, నేలకు మూడడుగుల యెత్తున, మాసిన చారయొకటి పోవుచున్నది. "ఇదేమి అత్తయ్యా?" అని యడిగినది.

"చేతి మరకలమ్మా. పిల్లలు చేయుదురు. ప్రతి సంక్రాంతికిని ఉగాదికిని తడిగుడ్డతో తుడిచి తుడిచి విసిగితిని. రెండు మారులు రంగు కూడ వేయించితిని" అంటిని.

ఆమె తన పుస్తకము తెరచి, ముందునాడు తాను వ్రాసికొన్న కొలత చూపినది. అత్తగారి అరచేతి యెత్తు అదియే.

నేను మాటలాడలేకపోతిని. మంచముపై నున్న అత్తగారి యొద్దకు పోయి, "నేల జారుచున్నదని నాతో నొక్కమారైన చెప్పకూడదా?" అని యడిగితిని. ఆమె కొంతసేపూరకుండి, "ముచ్చటపడి వేయించుకొన్నావు గదా తల్లీ! గోడ యుండగా భయమేమని పట్టుకొని నడచితిని" అనిరి. ఆరేండ్లు ఆమె గోడ పట్టుకొని నడచిరి. ఆరేండ్లు నేనా గోడ తుడిచితిని.

సోదరీమణులారా! ఇల్లలంకరించువారి మొదటి పని యిదియేయని నాకానాడు బోధపడినది. మనుష్యులు తమ నోటితో చెప్పనిది గోడలు, మూతలు, అరిగిన గడపలు చెప్పుచుండును. వానిని చదువ నేర్చుట ఈ విద్యకు ఓనమాలు. తరువాతి పని లెక్కలు, గీతలు, బేరములు, కావలి. అది కూడ వివరించెదను.

మూడవ దినమున ఆమె పటములు గీసినది. పైనుండి చూచినట్లొకటి, గోడకెదురుగా నిలిచి చూచినట్లొకటి, దీపములు స్విచ్చులు చూపునదొకటి, నీటి గొట్టములు చూపునదొకటి. ఇవియన్నియు నెందుకనగా, తాపీమేస్త్రి, వడ్రంగి, కరెంటు పనివాడు, ప్లంబరు నలుగురును నాలుగు దినములలో వేర్వేరుగా వచ్చిపోవుదురు. ఒకని పని వేరొకనికి తెలియదు. వడ్రంగి బీరువా నిలిపిన చోటనే స్విచ్చుబోర్డు చిక్కుకొనుట, టైల్సు పరచిన పిదప గొట్టముకొరకు మరల పగులగొట్టుట మన యిండ్లలో నిత్యము చూచునదే. మొదట గొట్టములు, తీగలు, తరువాత నీరు దిగకుండ పూత, దానిపై టైల్సు, పిమ్మట చెక్కపని, తుదకు రంగు. ఈ వరుస తప్పకుండ చూచుట ఆ యుద్యోగములో సగము పనియట.

తలుపు వెడల్పు చేయవలెనన్నపుడు మాత్రము ఆమె చేయి వెనుకకు తీసికొన్నది. "ఈ గోడపై కప్పు బరువున్నది. దీనిని తాకవచ్చునో లేదో చెప్పవలసినవాడు ఇంజనీరు" అని, తెలిసిన యింజనీరును పిలిపించి చూపించి, అతడు చెప్పిన ప్రకారము పైన దూలము వేయించినపిదపనే గోడ కోయించినది. తన విద్యకు హద్దు తెలియుటయు విద్యలో భాగమేకదా! మన దేశమున ఆర్కిటెక్టు అను పేరు పెట్టుకొనుటకు 1972 నాటి చట్టము ననుసరించి నమోదు కావలయును. ఇంటీరియర్ డిజైనరు అను పేరునకట్టి చట్టము లేదు. బోర్డు కట్టినవారెల్లరును చదివినవారని నమ్మరాదు. వారు మునుపు చేసిన యిండ్లు చూచి, ఆ యిండ్ల గృహిణులతో మాటలాడి, వ్రాతపూర్వకముగా లెక్క తీసికొని పని యొప్పగింపవలయును.

లెక్క యనగా గుర్తుకు వచ్చినది. మేము పెట్టగలిగినది లక్ష రూపాయలని నా భర్త ముందే చెప్పియుండిరి. ఆమె కాగితమును మూడు నిలువు గళ్లుగా విభజించి "తప్పనిసరి", "తరువాత", "వలదు" అని వ్రాసినది. స్నానపుగది తలుపు 34 అంగుళములు చేసి వెలుపలికి తెరచుకొనునట్లు పెట్టుట, అక్కడి నేలకు గరుకైన చిన్న టైల్సు వేయుట, గోడకు పట్టుకమ్ములు బిగించుట, మంచమునుండి స్నానపుగదివరకు రాత్రిదీపములు పెట్టుట మొదటి గడిలోనికి వచ్చినవి. చిన్న టైల్సు అయినచో అతుకులు ఎక్కువగుటవలన పాదమునకు పట్టు కలుగునట. లోపలివైపు తెరచుకొను స్నానపుగది తలుపు ముసలివారున్న యింటికి తగదని ఆమె చెప్పుచుండగా మాకు ఆ యరగంట మరల కన్నులకు గట్టినది. నేనెంతో కాలముగా కోరుకొన్న గాజు బీరువా "వలదు" అను గడిలో చేరినది. నేనెదురు చెప్పలేదు.

వస్తువులు కొనునపుడు ఆమె మాతో బజారునకు వచ్చినది. సింకు క్రింది అరకు నీటికి చెడని ప్లైవుడ్డు కావలెననియు, దానిపై ఐ.యస్. 710 అను ముద్ర చూచుకొనవలెననియు చూపినది. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పలకలో ముక్కలన్నియు ఎట్లిముడునో ముందే కాగితముపై గీసి చూపుటచే, వడ్రంగి రెండు పలకలు కావలెనన్నచోట ఒక్కటి సరిపోయినది. దీపములపెట్టెపై 2700 అని యున్న పసుపు వెలుతురు పడకగదికిని, 4000 అని యున్న తెలుపు వెలుతురు వంటకును బాగుండునని చెప్పినది. నేనావరకు ఆ యంకె ధరకు సంబంధించినదేమో యనుకొంటిని!

ఈ వృత్తివారు కొందరు మొత్తపు ఖర్చులో నూటికింతయనియు, కొందరు చదరపడుగు కింతయనియు, కొందరు మొత్తముగా నింతయనియు తీసికొందురట. మన సొమ్ము పుచ్చుకొని, దుకాణదారునొద్దను రహస్యముగా వాటా పుచ్చుకొనువారును గలరు. కనుక ఆ మాట మొదటనే యడుగవలెనని ఆమెయే నాకు బోధించినది. తాను మా యొద్ద ఏమియు తీసికొననన్నది. "పంతులు జీతము లేకుండ పాఠము చెప్పవచ్చునా అమ్మాయీ? నీ విద్యకు వెల లేదని నేనన్నచో నా విద్యకు లేదని లోకమనును" అని నా భర్త బలవంతముగా నిచ్చిరి.

ఈ విద్య పుట్టుపూర్వోత్తరములు కూడ ఆమె చెప్పినది. అమెరికాలో ఎల్సీ డి వుల్ఫ్ అను స్త్రీ దీనిని జీవనోపాధిగా చేసికొని పేరుగాంచినవారిలో మొదటిది. 1913లో ఇల్లు తీర్చుటనుగూర్చి యొక గ్రంథము ప్రకటించినది. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టు నగరమునకై 1926లో మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ యను ఆస్ట్రియా దేశపు స్త్రీ యొక చిన్న వంటిల్లు రచించినది. రైలుబండి భోజనశాలలోని వంటగది దానికొక యాదర్శము. వెడల్పు ఆరడుగులకు కొంచెము మించును, పొడవు పదునొకండడుగులు. గృహిణి అడుగులు తగ్గవలెనని ఆమె సంకల్పము. అట్టివి రమారమి పదివేలు ఆ నగరపు ఇండ్లలో నమర్చబడినవి. ఆశ్చర్యమేమనగా, దానిని రచించునాటికి తనకు వంట తెలియదని ఆమెయే తరువాత చెప్పుకొన్నది. వంటిల్లు ఇరుకగుటచే వేరొకరు వచ్చి సాయము చేయుటకు చోటు లేకపోయినదని దానికొక యాక్షేపణయు కలదు. అడుగులు లెక్కించుట మంచిదే. ప్రక్కన కూర్చుండి కబుర్లు చెప్పుచు చిక్కుడుకాయలు ఒలుచువారిని కూడ లెక్కింపవలెను.

మా యమ్మాయి ఆ లెక్క మరువలేదు. నేలపై కూర్చుండి కత్తిపీటతో కూరలు తరుగుట ఇక అత్తగారికి సాధ్యము కాదు. పని తప్పిపోయినదే యని ఆమె దిగులుపడుచుండిరి. పాత వంటగట్టును పగులగొట్టక, కిటికీ క్రింద ముప్పదియంగుళముల యెత్తున నొక బల్ల వేయించినది. దాని క్రింద కుర్చీ పట్టును. ఉదయము అత్తగారు దానియొద్ద కూర్చుండి కూరలు తరుగుదురు. నేనక్కడనే నిలిచి భుజములెత్తకుండ పిండి కలుపుదును. మధ్యాహ్నము రెండింటికి ఆ బల్లయు, ఆ కుర్చీయు, ఆ వెలుతురును నావి. బియ్యపు డబ్బాకు క్రొత్త మూత వచ్చినది.

మెరయు టైల్సు నడవలో నింకను ఉన్నవి. తీయించుటకు సొమ్ము చాలలేదు. అది "తరువాత" అను గడిలో నున్నది. కాని జారు పట్టలన్నియు తీసివేసితిమి. నడవ గోడపొడవునను టేకుకమ్మి యొకటి బిగించితిమి. దానిని ఎంత యెత్తున బిగింపవలెనని వడ్రంగి యడుగగా అమ్మాయి టేపు తీయలేదు. గోడపై చారను వ్రేలితో చూపినది.

సంస్కృతమున "అలం" అనగా చాలును అని యర్థము. చాలినట్లు చేయుటయే అలంకారము. ఆ మాటను నేను చిన్ననాడే చదివితిని గాని మా యింటి గోడకడ నిలిచిన దినమున గాని తెలిసికొనలేదు. మీరును ఇల్లు దిద్దుకొనదలచినపుడు, ఎవరినైనను పిలుచుటకు ముందు, దుకాణమునకు పోవుటకు ముందు, ఒకదినము మీ యింటినే నిదానముగా చూడుడు. ఎక్కడ రంగు చెదరినది, ఎక్కడ గడప అరిగినది, ఎవరు దేనిని పట్టుకొని లేచుచున్నారు? తుడుచుటకు ముందు ఒక్కమారు అడుగుడు.

అత్తగారిప్పుడు వాకరు విడిచినారు. కమ్మి పట్టుకొని తామే పోయివచ్చుచున్నారు. మొన్న సంక్రాంతికి ఇల్లు కడుగునపుడు గుడ్డ తీసికొని నడవకు పోతిని. ఆరు సంవత్సరములలో మొదటిసారిగా అక్కడ తుడువవలసినదేమియు లేకపోయెను.